మంత్రసాని ఖాతాలో ఒక సిజేరియన్

మా చెల్లికి ఆపరేషన్ అయింది. అయినా లెక్కల్లో ఆ కాన్పు మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన నేటి మంత్రసాని) ఖాతాలోకే వెళ్తుంది. వెళ్లాలి కూడా. ఈ సంగతి సరిగ్గా బోధపడితే మిడ్‌వైఫ్‌ల మీద జరిగిన పరిశోధనలో సగం బోధపడినట్టే. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి కాస్త సాగదీసి చెబుతాను, ఓపిక పట్టండి.

చెల్లికి అది తొలి కాన్పు. బీపీ లేదు, షుగర్ లేదు, ఒక్క బిడ్డే, తల కిందికే ఉంది, నెలలు నిండాయి. ‘లో రిస్క్’, అంటే ముప్పు తక్కువ, అన్న మాటకి బొమ్మ గీయమంటే మా చెల్లినే గీయొచ్చు. ఆస్పత్రిలోనే, కానీ మిడ్‌వైఫ్‌లు చూసుకునే విభాగంలో చేరింది. నాలుగో నెల నుంచీ తనని చూస్తున్న ఆవిడే ఆ రాత్రీ ఉంది. నడవమంది, కూర్చోమంది, నడుం రాసింది, మధ్యమధ్యలో చిన్న డాప్లర్ పెట్టి బిడ్డ గుండె విన్నది. తెల్లవారుజామున ఒక నొప్పి తగ్గాక కూడా గుండె వేగం వెంటనే పుంజుకోలేదు. ఆవిడ ఏమీ అనలేదు, ఇంకో నొప్పి దాకా చెయ్యి తియ్యకుండా విన్నది. మళ్లీ అదే. ‘అమ్మా, డాక్టరుగారిని పిలుస్తున్నాను. మనం పక్క విభాగంలోకి వెళ్దాం’ అంది. గంటలోపే ఆపరేషన్ అయిపోయింది. పాప బాగుంది, ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది.

చెల్లి మాత్రం ‘నా కాన్పు మిడ్‌వైఫ్ చేసింది’ అనే చెబుతుంది. కత్తి పట్టింది డాక్టరు కదే అంటే, ‘ఎప్పుడు పట్టాలో కనిపెట్టింది ఆవిడే కదక్కా’ అంటుంది.

అంతకు తొమ్మిదేళ్ల ముందు నా కాన్పు. నాకూ ఏ చిక్కూ లేదు. పడుకోబెట్టి పొట్టకి బెల్టు కట్టారు, ఇక లేవొద్దన్నారు. రెండుసార్లు షిఫ్ట్ మారింది. లోపలి పరీక్ష చేసినవాళ్లు ఏడుగురు, నేను లెక్కపెట్టాను. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలీదు, నా పేరు వాళ్లకి ఫైలు చూస్తే తప్ప తెలీదు. చివరికి టైము మించిపోయిందని బిడ్డ వచ్చే దారిలో కోత కోసి, తలకి వ్యాక్యూమ్ కప్పు పెట్టి లాగారు. ఇద్దరు మంత్రసానులైతే బిడ్డ తల వంకర అని సామెత. ఆ కప్పు పెట్టి లాగడం వల్ల మావాడి తల నిజంగానే రెండు రోజులు వంకరగా ఉంది. ఏడుగురికి ఆ మాత్రం తక్కువే అనుకున్నాను.

నా కోపం సాక్ష్యం కాదు. నాది ఒక కాన్పు, చెల్లిది ఒక కాన్పు, రెండు చుక్కలు కలిపితే ఏ గీతైనా గీయొచ్చు. క్లాసులో పిల్లలకి రోజూ చెప్పే మాటే ఇది. అందుకే ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. చదివాక నా అభిప్రాయం మారలేదు గానీ, దాని కారణం మారింది.

డాక్టర్లని, మంత్రసానుల్ని పక్కపక్కన పెట్టి లెక్క చూడటం కొత్తేమీ కాదు. వియన్నా జనరల్ ఆస్పత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. 1840 నుంచి ఒకదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసాని పని నేర్చుకునే ఆడవాళ్లు ఉండేలా విడదీశారు. ఏ గర్భిణి ఎక్కడికి వెళ్లాలన్నది ఆ రోజు ఏ వారమన్నదాన్ని బట్టి. అంటే దాదాపు చీటీలు వేసినట్టే. 1846లో డాక్టర్ల విభాగంలో 4,010 కాన్పులకి 459 మంది తల్లులు చనిపోయారు. మంత్రసానుల విభాగంలో 3,754కి 105 మంది. ఒకచోట నూటికి పదకొండుమంది పైన, ఇంకోచోట ముగ్గురు కూడా లేరు. ఈ తేడా ఊళ్లో అందరికీ తెలుసు. మొదటి విభాగంలో వెయ్యొద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవాళ్లు.

ఇక్కడితో ఆగిపోతే ‘మంత్రసానులే మేలు’ అని రాసేయొచ్చు. కానీ ఆ ఆస్పత్రి డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ఆగలేదు. ఈ ఇద్దరూ చేసే పనిలో తేడా ఎక్కడుందని వెతికాడు. విద్యార్థులు శవాలు కోసి, అవే చేతులతో లేబర్ గదిలోకి వస్తున్నారు. మంత్రసానులకి శవాలతో పనిలేదు. 1847 మేలో క్లోరిన్ నీళ్లతో చేతులు కడగాల్సిందేనని పట్టుబట్టాడు, మరణాలు పడిపోయాయి. తల్లుల్ని కాపాడింది ‘మంత్రసాని’ అన్న పేరు కాదన్నమాట. ఆ పేరు వెనక జరుగుతున్న, లేదా జరగని, ఒక పని.

నేటి పరిశోధనని కూడా ఇదే ప్రశ్నతో చదవాలని నేనంటున్నాను. మేలు జరుగుతోందా అన్నది మొదటి మెట్టు. ఏ పని వల్ల జరుగుతోందన్నది అసలు మెట్టు. దురదృష్టం ఏమిటంటే మిడ్‌వైఫ్‌లని మెచ్చుకునేవాళ్లూ, తిట్టేవాళ్లూ ఇద్దరూ మొదటి మెట్టు మీదే కొట్టుకుంటున్నారు.

మేలు సంగతి ముందు చూద్దాం. గర్భం నుంచి పురుడు దాకా ఒకే మిడ్‌వైఫ్ గానీ, తెలిసిన ఇద్దరు ముగ్గురు మిడ్‌వైఫ్‌ల చిన్న జట్టు గానీ చూసుకునే పద్ధతి మీద కాక్రేన్ సమీక్ష ఉంది. చీటీలు వేసినట్టు గుంపులుగా విడదీసి పోల్చే ప్రయోగాలు ట్రయల్స్, ఒక విషయం మీద వచ్చిన అలాంటి వాటన్నిటినీ కలిపి చూసేది ఈ సమీక్ష. 2016 కూర్పులో 15 ట్రయల్స్, 17,674 మంది స్త్రీలు. 2024లో దాన్ని సవరించారు. 17 ట్రయల్స్, 18,533 మంది. ఆ తాజా లెక్క ప్రకారం సహజంగా జరిగే కాన్పులు 66 నుంచి 70 శాతానికి పెరిగాయి. సిజేరియన్లు 16 నుంచి 15కి, ఫోర్సెప్స్ (బిడ్డ తల పట్టి లాగే పట్టకారు), వ్యాక్యూమ్ వాడకం 14 నుంచి 13కి, నాకు కోసినలాంటి కోత 23 నుంచి 19కి తగ్గాయి. బిడ్డలకి నష్టం జరిగినట్టు కనిపించలేదు. తల్లులు చెప్పిన సంతృప్తి ఎక్కువ.

చూశారా, ఎంత చిన్న అంకెలో! విప్లవం, అద్భుతం అని పోస్టర్లు వేసేవాళ్లు ఈ పట్టిక చూపించరు. నూటికి ఒక ఆపరేషన్ తప్పింది, నలుగురికి కోత తప్పింది. కుట్ల మీద కూర్చుని బిడ్డకి పాలిచ్చినదాన్ని, ఆ నలుగురు నాకు చిన్న లెక్క కాదు. కానీ అద్భుతమూ కాదు. ఇంకో సంగతి. 2016 కూర్పులో నెలలు నిండకుండా పుట్టడం కూడా తగ్గిందని వచ్చింది, దాన్ని చాలామంది నెత్తిన పెట్టుకున్నారు. 2024కి వచ్చేసరికి ఆ ఫలితం అంత గట్టిగా నిలబడలేదు. పాత అంకె మాత్రం ఇంకా ఉపన్యాసాల్లో తిరుగుతూనే ఉంది.

మిడ్‌వైఫ్‌ల సేవలు అందరికీ అందితే 2035 నాటికి ఏటా 43 లక్షల ప్రాణాలు నిలుస్తాయన్న అంకె కూడా అలాంటిదే. 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అబద్ధం కాదు, కానీ అది 88 దేశాల మీద కంప్యూటరు మోడల్ వేసిన అంచనా. అందులో కుటుంబ నియంత్రణ నుంచి పసికందుల సంరక్షణ దాకా అన్నీ ఉన్నాయి. నొప్పులు పడుతున్న ఆరోగ్యవంతురాలి పక్కన ఎవరుండాలన్న ప్రశ్నకి దాంట్లో జవాబు వెతకడం కుదరదు.

చెల్లి కాన్పు లెక్క దగ్గరికి ఇప్పుడొద్దాం. ఇలాంటి ట్రయల్లో ఎవరిని మొదట ఏ గుంపులో రాశారో చివరిదాకా వాళ్లని ఆ గుంపులోనే లెక్కేస్తారు, మధ్యలో ఎవరి చేతికి మారినా సరే. మిడ్‌వైఫ్ దగ్గర మొదలై డాక్టరు దగ్గర ముగిసిన కాన్పు మిడ్‌వైఫ్ ఖాతాలోదే. అలా కాకుండా ఎవరి చేతిలో పుడితే వాళ్ల ఖాతాలో వేసేస్తే కష్టమైన కాన్పులన్నీ డాక్టర్ల నెత్తికి చుట్టుకుంటాయి, మిడ్‌వైఫ్‌ల పట్టిక పాలమీగడలా కనిపిస్తుంది. ‘మా దగ్గర నూటికి తొంభైతొమ్మిది నార్మలే’ అని ఎవరైనా చెబితే నేనడిగే మొదటి ప్రశ్న, పంపించేసినవాళ్లని ఎవరి కింద రాశారండీ అని. మెల్‌బోర్న్‌లో 2,314 మంది లో రిస్క్ స్త్రీల మీద 2012లో వెలువడిన ట్రయల్ నాకు నచ్చింది ఇందుకే. ఎవర్నీ తీసెయ్యకుండా లెక్కేస్తే మామూలు పద్ధతిలో సిజేరియన్లు 24.9 శాతం, తెలిసిన మిడ్‌వైఫ్ ఉన్న గుంపులో 19.4 శాతం. ఆ 19.4లో మా చెల్లి లాంటివాళ్లందరూ ఉన్నారు.

ఇక పని చేస్తున్నది ఏది?

నాకు కనిపించినంతలో అన్నిటికంటే గట్టి ఆధారం మిడ్‌వైఫ్‌ల పరిశోధనలో లేదు, దాని పక్కింట్లో ఉంది. నొప్పుల సమయమంతా ఒక మనిషి తోడుండటం మీద 2017 కాక్రేన్ సమీక్ష. ఇరవై ఆరు ట్రయల్స్, 17 దేశాలు, పదిహేను వేల పైచిలుకు స్త్రీలు. ఆ తోడు నర్సు కావచ్చు, దీనికోసమే శిక్షణ పొందిన మనిషి కావచ్చు, అక్కో స్నేహితురాలో కావచ్చు. తోడున్నవాళ్లకి సిజేరియన్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి. అంటే కత్తీ మందూ ఏమీ పట్టని మనిషి ఊరికే పక్కన కూర్చుంటేనే ఇంత! తోడుకీ శిక్షణకీ ముడివేస్తే వచ్చేదే మంచి మిడ్‌వైఫ్.

గుండె చప్పుడు సంగతి కూడా ఇలాగే తిరుగుతుంది. నాకు కట్టిన బెల్టు ఉందే, నిరంతరం గుండె వేగం గీసే యంత్రం, దాన్ని మధ్యమధ్యలో చెవితో వినడంతో పోల్చిన ట్రయల్స్ 13, వాటిలో 37 వేల మందికి పైగా స్త్రీలు. యంత్రం వల్ల పుట్టిన బిడ్డకి ఫిట్స్ సగానికి తగ్గాయి. ఇది నిజమైన లాభం, దాచకూడదు. మరణాల్లో, సెరిబ్రల్ పాల్సీలో (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగ్గా కదలని స్థితి) తేడా కనిపించలేదు. సిజేరియన్లు మాత్రం బాగా పెరిగాయి. దీన్ని చూసి ‘యంత్రాలు తీసి పారేయండి’ అనేవాళ్లున్నారు. కాస్త ఆగండి. ఆ ట్రయల్స్‌లో యంత్రానికి పోటీగా ఉన్నది శూన్యం కాదు. క్రమం తప్పకుండా వచ్చి వినే ఒక మనిషి. ఆరుగురు గర్భిణులకి ఒక నర్సు పరుగులు తీస్తున్న చోట ఆ యంత్రం తీసేస్తే మిగిలేది సహజ ప్రసవం కాదు, ఎవరూ వినని గుండె. నా మంచం పక్కన యంత్రం ఎందుకుందో నాకు ఇన్నేళ్ల తర్వాత అర్థమైంది. మనిషి లేదు కాబట్టి.

గడియారం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. నొప్పుల్లో గర్భాశయ ముఖం గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న లెక్కకి మూలం 1950ల్లో ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మన్ గీసిన వక్రరేఖలు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అసలు జోరైన నొప్పులు అయిదు సెంటీమీటర్ల నుంచే లెక్క, గంటకో సెంటీమీటరు అందరికీ వర్తించదు, అంత వేగం లేదన్న ఒక్క కారణంతో జోక్యం చేసుకోవద్దని చెప్పింది. నా ఫైలులో ‘ఆలస్యం’ అని రాసినప్పుడు నాకు నాలుగు సెంటీమీటర్లు. పోనివ్వండి.

ఇప్పుడు నా వాదనకి ఎదురుతిరిగే అంకెలు. ఇవి చెప్పకపోతే నాకే మర్యాద కాదు.

ఇంగ్లండ్‌లో 2011లో వెలువడిన బర్త్‌ప్లేస్ అధ్యయనం 64,538 మంది లో రిస్క్ స్త్రీలది. రెండో కాన్పు, ఆపై కాన్పులవాళ్లకి ఇంట్లోనైనా, మిడ్‌వైఫ్ యూనిట్లోనైనా, ఆస్పత్రిలోనైనా బిడ్డల ఫలితాల్లో తేడా రాలేదు. తొలి కాన్పుకి ఇంట్లోనే కనాలనుకున్నవాళ్లలో మాత్రం మరణం, మెదడుకి దెబ్బ లాంటి తీవ్రమైన ఘటనలు వెయ్యికి 9.3. ఆస్పత్రి విభాగంలో 5.3. మిడ్‌వైఫ్ యూనిట్లలో ఆస్పత్రితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. తల్లులకి ఆపరేషన్లు ఆస్పత్రి విభాగంలో 11 శాతం, దాని పక్కనే ఉండే మిడ్‌వైఫ్ యూనిట్లో 4.4. ఇది ట్రయల్ కాదు, ఎక్కడ కనాలో ఆడవాళ్లే ఎంచుకున్నారు. నొప్పులు మొదలయ్యేసరికే ఏదో ఒక చిక్కు ఉన్నవాళ్లు ఆస్పత్రి గుంపులోనే ఎక్కువ. కాబట్టి ఆ తేడా అంతా మిడ్‌వైఫ్ చలవే అనుకోకూడదు. (చీటీలు వేసి ఇల్లా ఆస్పత్రా తేల్చుదామని గతంలో ఇంగ్లండ్‌లో ప్రయత్నించారు. ఒప్పుకుని చేరింది 11 మంది. వాళ్లకి నా నమస్కారం.)

ఆ అధ్యయనంలో నేను గీత గీసుకున్న అంకె వేరే. తొలి కాన్పుకి ఇంట్లోగానీ మిడ్‌వైఫ్ యూనిట్లోగానీ మొదలుపెట్టినవాళ్లలో 36 నుంచి 45 శాతం మందిని మధ్యలో గానీ, బిడ్డ పుట్టిన వెంటనే గానీ ఆస్పత్రి విభాగానికి మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాతి కాన్పుల్లో 9 నుంచి 13 శాతం. తొలి కాన్పులో ప్రతి అయిదుగురిలో ఇద్దరు! అందరూ ప్రాణం మీదికొచ్చి వెళ్లినవాళ్లు కాదు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు) కావాలనో, నొప్పులు సాగట్లేదనో వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. కానీ అంతమంది దాటే గుమ్మాన్ని ‘ఎమర్జెన్సీ ద్వారం’ అనుకోవడం పొరపాటు. అది ఇంటి ముంగిలి. రోజూ తుడిచి పెట్టుకోవాలి.

ఆ గుమ్మం దగ్గర మట్టి పేరుకుంటే ఏమవుతుందో చూడండి. నెదర్లాండ్స్‌లో అయిదు లక్షల పైచిలుకు లో రిస్క్ కాన్పులు చూసిన 2009 అధ్యయనం ఇల్లయినా ఆస్పత్రయినా బిడ్డల మరణాల్లో తేడా లేదంది. మరుసటి ఏడాదే ఉట్రెక్ట్ ప్రాంతం నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంలో మిడ్‌వైఫ్ దగ్గర మొదలైన లో రిస్క్ కాన్పుల్లో బిడ్డల మరణాలు, మొదటి నుంచీ డాక్టర్ల దగ్గరున్న హై రిస్క్ కాన్పులకంటే ఎక్కువగా వచ్చాయి. అందులోనూ నొప్పుల మధ్యలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినవాళ్లలో మరీ ఎక్కువ. లెక్క కట్టిన తీరు మీద పెద్ద రగడే జరిగింది, అది తెగలేదు. కానీ వేలు చూపించిన చోటు మాత్రం అదే, చేతులు మారే చోటు. అమెరికాలోని ఒరెగాన్‌లో 2012, 2013 సంవత్సరాల కాన్పుల్ని ఇలాగే, మొదట ఎక్కడ అనుకున్నారో ఆ ఖాతాలో వేసి చూస్తే, ఆస్పత్రి బయట కనాలనుకున్నవాళ్లలో బిడ్డల మరణాలు వెయ్యికి 3.9, ఆస్పత్రిలో 1.8. సిజేరియన్లు ఆస్పత్రి బయట అనుకున్నవాళ్లలో 5.3 శాతం, ఆస్పత్రిలో 24.7. రెండు అంకెలూ ఒకే కాగితం మీదున్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు చింపుకుపోయారు.

ఇంగ్లండ్‌లోనే మోర్‌కమ్ బే ప్రాంతపు ఆస్పత్రిలో జరిగిన ప్రసూతి మరణాల మీద విచారణ నివేదిక 2015లో వచ్చింది, డాక్టర్ బిల్ కర్కప్ నాయకత్వంలో. అక్కడి ప్రసూతి విభాగంలో కొందరు మిడ్‌వైఫ్‌లు ఏం జరిగినా సరే సహజ కాన్పే కావాలని పట్టుబట్టడం, డాక్టర్లతో మాటల్లేకపోవడం, తప్పు జరిగినా ఒప్పుకోకపోవడం. వేరేలా చూసుకుని ఉంటే 11 మంది బిడ్డలు, ఒక తల్లి బతికి ఉండేవాళ్లేమో అని తేల్చారు. చదువుతుంటే చేతులు వణికాయి. వీళ్లూ చదువుకున్న మిడ్‌వైఫ్‌లే. డాప్లర్లు వీళ్ల దగ్గరా ఉన్నాయి. మా చెల్లి దగ్గరున్నావిడ రెండో నొప్పి తర్వాత ఫోన్ తీసింది. ఇక్కడ తియ్యలేదు.

అమెరికాలో 2018 నాటి అరైవ్ ట్రయల్‌ని మా వైపువాళ్లు, అంటే మిడ్‌వైఫ్‌లని మెచ్చుకునేవాళ్లు, మింగలేకపోతున్నారు. తొలి కాన్పుకి వచ్చిన ‘లో రిస్క్’ స్త్రీలు 6,106 మంది. ముప్పై తొమ్మిదో వారంలోనే మందులిచ్చి నొప్పులు తెప్పించిన గుంపులో సిజేరియన్లు 18.6 శాతం, ఆగి చూసిన గుంపులో 22.2. ఒకసారి వేలు పెడితే ఇక వరసగా పెడుతూనే ఉండాలని నేనూ నమ్మేదాన్ని. ఈ ట్రయల్ దగ్గర ఆ నమ్మకం నిలబడలేదు, ఒప్పుకుంటాను. అడిగిన అర్హుల్లో ఒప్పుకున్నవాళ్లు నాలుగో వంతు చిల్లర మాత్రమే కాబట్టి అది అందరికీ అతుకుతుందా అన్నది వేరే చర్చ. కానీ ఒక్కటి గమనించాను. ‘ఆగి చూసిన’ గుంపు చేతికే 22.2 వచ్చింది. మెల్‌బోర్న్‌లో తెలిసిన మిడ్‌వైఫ్‌తో ఆగి చూస్తే 19.4. దేశాలు వేరు, కాలాలు వేరు, ఇలా పక్కపక్కన పెట్టి పోల్చకూడదని మా విద్యార్థులని నేనే తిడతాను. అయినా కళ్లు అటే పోతాయి. ఆగి చూడటం అంటే ఏమిటి, ఆగుతున్నంతసేపూ చూస్తున్నదెవరు?

అందుకే నాకు ‘సహజ ప్రసవం’ జెండా పట్టుకోవాలని లేదు. ‘లో రిస్క్’ అన్న మాట మీద కూడా పూర్తి నమ్మకం లేదు. అది నొప్పులు మొదలైనప్పుడు వేసే ముద్ర. గంట గంటకీ మళ్లీ వేయాల్సిన ముద్ర. బిడ్డ చేతికొచ్చాక, రక్తస్రావం ఆగాక, అప్పుడు మాత్రమే ఆమె నిజంగా లో రిస్క్ అని తెలుస్తుంది. ఈ ముద్రని తిరగరాసే అధికారం, తిరగరాయడానికి కావలసినంత తీరిక, రాశాక పిలిస్తే పలికే డాక్టరు, ఈ మూడూ ఉన్న మిడ్‌వైఫ్ గురించే నేను వాదిస్తున్నది. ఆరోగ్యవంతురాలైన గర్భిణికి మొదటి మనిషి ఆవిడే కావాలి. డాక్టరు రెండో మనిషి, కానీ గోడకి అవతలే. ఆస్పత్రులు ‘మిడ్‌వైఫ్’ అన్న బోర్డు పెట్టి, ఆవిడకి కూడా ఆరుగురిని అప్పగిస్తే బోర్డు తప్ప ఏమీ మారదు. సెమ్మెల్‌వైస్ గిన్నెలో నీళ్లు పెట్టి క్లోరిన్ మర్చిపోయినట్టు.

చెల్లికి మళ్లీ నెల తప్పింది. ఒకసారి ఆపరేషన్ అయింది కాబట్టి ఇప్పుడు తను లో రిస్క్ కాదు. పైన చెప్పిన చాలా పట్టికల్లో తనకి చోటు లేదు, మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తారు. ఈసారి డాక్టరుగారే చూస్తున్నారు, అలాగే చూడాలి. మొన్న వెళ్లినప్పుడు స్కానింగ్ గురించీ, పాత కుట్టు గురించీ ఆవిడ ఓపిగ్గా అరగంట చెప్పారు. అంతా విని, లేచి తలుపు దాకా వచ్చి, చెల్లి వెనక్కి తిరిగి ఒక్కటే అడిగింది. ‘క్రితంసారి నా దగ్గరున్న మిడ్‌వైఫ్, ఆ రోజుకి ఆవిడని రమ్మనొచ్చా?’

డాక్టరుగారు డ్యూటీ చార్టు తెరిచి చూశారు.